పీకి చూడని పైపు

ఆ షెడ్డుకు బోర్డు లేదు, ఉండాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. "చెవి మేస్త్రి షెడ్డు ఎక్కడ?" అని అడిగితే రోడ్డు మొదట్లో ఉన్న టైర్ల కొట్టువాడు చేతిలో పని ఆపకుండా గడ్డంతోనే దారి చూపిస్తాడు. కార్బురేటర్లు పోయి ఇంజెక్టర్లు వచ్చిన తొలి రోజుల పెట్రోలు బళ్లన్నీ ఆ రేకుల కప్పు కిందికే చేరతాయి. వాటికి కంప్యూటరు తగిలించి జబ్బు చదవడానికి వీలుండదు. పెద్ద వర్క్‌షాపులవాళ్లు "ఇంకా దీన్ని నడుపుతున్నారా" అని నవ్వి వెనక్కి పంపేసినవే అవన్నీ.

మేస్త్రి ముందుగా ట్యాంకు మూత తీసి చెవి ఆనిస్తాడు. ఎవరినైనా తాళం తిప్పమంటాడు. లోపలి పంపు జుయ్‌మని కాసేపు మూలిగి ఊరుకుంటుంది. ఆ మూలుగును బట్టి పంపు అరిగిందో, ఫిల్టరు పూడిందో, కరెంటు చాలడం లేదో చెప్పేస్తాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజెక్టరు మీద, పిడి చెవి మీద పెట్టి ఏది కొట్టుకుంటోందో, ఏది మొండికేసిందో పట్టేస్తాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు పెళ్లానికైనా గుర్తుందో లేదోనని తోటి మెకానిక్కులు ఆటపట్టిస్తుంటారు.

ఒకప్పుడు ఆ మాటకు మీసాల్లో నవ్వుకునేవాడు. ఈమధ్య ఎవరైనా "చెవి మేస్త్రీ" అని పిలిస్తే వినపడనట్టు బండి కిందికి దూరుతున్నాడు.

కారణం ఒక లాండ్రీ బండి.

ఆస్పత్రులకూ లాడ్జీలకూ దుప్పట్లు ఉతికిచ్చే పెద్ద లాండ్రీ అది. దాని వ్యాను పాతది. డ్రైవరు సీటు కిందే ఇంజను ఉంటుంది. వెనక తలుపు సరిగా మూసుకోక తాడుతో కట్టేవాళ్లు. ఆ వ్యాను నడిపేవాడు మేస్త్రికి తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు. మితంగా మాట్లాడే మనిషి. బండిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడుపుతాడని, గుంత వస్తే తానే దెబ్బ తిన్నట్టు ముఖం పెడతాడని మరదలు నవ్వేది.

ఒక దశలో బండి పెట్రోలు తెగ తాగడం మొదలుపెట్టింది. ముందు ట్యాంకు నింపితే వారమంతా తిరిగేది, ఇప్పుడు వారం సగంలోనే మళ్లీ అడుగుతోంది. దానికి తోడు, ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు పెట్రోలు కంపు కొడుతున్నాయని ఆస్పత్రివాళ్లు మూటలు వెనక్కి పంపారు. లాండ్రీ యజమానురాలికి రెండూ కలిపి చూస్తే ఒకటే కనపడింది. డ్రైవరు పెట్రోలు తీసి డబ్బాల్లో పోసుకుని, ఆ డబ్బాలను దుప్పట్ల మధ్య దాచి, దారిలో అమ్ముకుంటున్నాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. పనివాడి మీద అనుమానానికి చూసినవాళ్లతో పని లేదు మరి. యంత్రం మీద అనుమానం వస్తే గేజీ తగిలిస్తాం, విప్పుతాం, వెలుతురులో పెట్టి చూస్తాం. మనిషి మీద వస్తే ముఖం చూసి తేల్చేస్తాం.

"నేను తీస్తే నా చేతులు పడిపోవాలి మేడం, బండిలోనే ఏదో ఉంది" అన్నాడు డ్రైవరు.

"అయితే మీ వాడినే పిలుద్దాం. బండిలో ఉంటే ఆయన చెవికి దొరక్కుండా పోదుగా" అంది ఆమె.

అలా మేస్త్రి గేజీ పెట్టె పట్టుకుని లాండ్రీ పెరట్లోకి వెళ్లాడు. అక్కడ ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నారు. ఆవిరి మరల దగ్గర మగవాళ్లు మెడకు తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డారు. పని నడుస్తూనే ఉంది గానీ కళ్లన్నీ బండి మీదే ఉన్నాయి.

తోడల్లుడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "అన్నయ్యా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఠక్కున లేస్తుంది. వేడి మీద ఆపి మళ్లీ తిప్పితేనే ఏడిపిస్తుంది. యాక్సిలేటరు పూర్తిగా తొక్కి పట్టుకుంటే గానీ లేవదు. లేచాక గుప్పున నల్లపొగ."

ఇంతలో సూపర్‌వైజరు పెరటి గోడకు ఆనుకుని గట్టిగా అన్నాడు. "ఇంకేం, ఒకే ఇంటి అల్లుళ్లిద్దరూ కలిశారు. ఇప్పుడు దొంగతనం బండికే అంటగడతారు చూడండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పెదవి విప్పబోతున్న తోడల్లుణ్ని చేత్తో ఆపాడు.

"నువ్వుండు. బండి చెబుతుందిలే."

ట్యాంకుకు చెవి పెట్టాడు. పంపు బాగుంది. ఇంజెక్టర్లు వరసగా టిక్కుటిక్కుమంటున్నాయి. పెట్రోలు ఒత్తిడి చూపే గేజీ తగిలించి ఇంజను తిప్పితే ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. కింద వెల్లకిలా పడుకుని చూశాడు. ఎక్కడా చుక్క లేదు.

ఇంకా చూడాల్సినవి రెండున్నాయి. ఇంజను ఆపేశాక గేజీ ముల్లు నిలబడుతుందా, జారుతుందా? ప్రెషర్ రెగ్యులేటరు నెత్తిన ఉండే సన్నటి రబ్బరు పైపు పీకితే పొడిగా ఉందా, తడిగా ఉందా? ఒకటి నిలబడి చూస్తే చాలు. రెండోది రెండు వేళ్లతో లాగితే చాలు. రెండూ చెయ్యలేదు. చేస్తూ కూర్చుంటే బంధువు కోసం తప్పు వెతుకుతున్నాడంటారు. సూపర్‌వైజరు నవ్వు ఇంకా వీపు మీదే ఉన్నట్టుంది.

లేచి చేతులు తుడుచుకున్నాడు. "బండిలో లోపం లేదు మేడం."

అక్కడితో ఆగినా కొంత నయం. తనకు పక్షపాతం లేదని అందరికీ తెలియాలి కదా. అడగని మాట ఇంకోటి జారింది. "పెట్రోలు ఎటు పోతోందో బండిని అడిగితే లాభం లేదు."

ఈసారి అందరూ నవ్వారు. తోడల్లుడు మాత్రం బండి తాళాలు తీసి సీటు మీద పెట్టి, చెప్పులు వేసుకుని గేటు దాటాడు. బతుకుతెరువు తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేకపోయింది. నమ్మకమున్న నోటి నుంచి వచ్చిన ఒక్క మాట సరిపోయింది.

తర్వాత ఊళ్లో ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. "పెట్రోలు దొంగ" అన్న పేరు అతని కంటే ముందు ప్రతి గేటు దగ్గరికీ చేరింది. కూరగాయల మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడని విన్నారు. మరదలు అక్క ఇంటికి రావడం మానేసింది. ఎక్కడైనా ఎదురుపడితే "బావగారూ బాగున్నారా" అనేది. అంతకుముందు ఉత్త "బావా" అని పిలిచేది. ఆ 'గారు' వచ్చి చేరాక మేస్త్రికి ఆమె ఎదుట నిలబడటం కష్టమైంది.

భార్య ఇంట్లో పెద్దగా ఏమీ అనలేదు. అప్పుడప్పుడూ ఒక్కటి విసిరేది. "చెయ్యి కడుక్కోండి. పెట్రోలు వాసనొస్తే మనింట్లోనూ దొంగలున్నారనుకుంటారు."

వానలు వచ్చి వెళ్లాయి. ఒక మధ్యాహ్నం అదే వ్యానును షెడ్డు ముందుకు నెట్టుకుంటూ వచ్చారు. కొత్త డ్రైవరు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"ఆస్పత్రి దగ్గర ఆపాను, మళ్లీ లేవనంటోంది. చల్లారితే లేస్తుంది. మేడం ఏమో నన్నూ అదోలా చూస్తోంది మేస్త్రీ. నాకంటే ముందాయన దొంగటగా, ఇప్పుడు నా వంతు వచ్చినట్టుంది" అన్నాడు నవ్వుతూనే. ఆ నవ్వులో బెదురుంది.

మేస్త్రి ట్యాంకు జోలికి వెళ్లలేదు. సీటు ఎత్తి, ఇంజను మీదికి వంగి, నేరుగా ఆ సన్న పైపు మీద వేళ్లు వేశాడు. పైపు వేళ్లకు మెత్తగా, ఉబ్బినట్టు తగిలింది. లాగాడు. లోపలి నుంచి పెట్రోలు చుక్క ఒకటి మొనకు వచ్చి, కాసేపు వేలాడి, వేడి ఇంజను మీద పడి చుయ్‌మంది.

రెగ్యులేటరంటే గుప్పిట్లో పట్టే చిన్న ఇనుప డబ్బీ. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది. పొరకు ఒక పక్క పెట్రోలు, ఇంకో పక్క ఇంజను గాలి పీల్చే దారికి కలిపే ఈ పైపు. ఇంజెక్టర్లకు అక్కర్లేని పెట్రోలును మళ్లీ ట్యాంకుకు మళ్లించడం దాని పని. పొర చిరిగితే ఇంజను ఆ పైపులోంచి పెట్రోలును దొంగచాటుగా పీల్చుకుంటుంది. నేల మీద చుక్క పడదు. పొగ నల్లబడుతుంది. వేడి మీద ఆపితే లోపల పెట్రోలు నిండిపోయి ఇంజను లేవదు. కాలకుండా మిగిలిన పెట్రోలు కంపు పొగతో పాటు బయటికొచ్చి, తాడుతో కట్టిన వెనక తలుపు సందులోంచి దుప్పట్లలోకి దూరుతుంది.

తోడల్లుడు ఆ రోజు చెప్పిన మాటలు ఒక్కటొక్కటే వచ్చి తమ చోట కూర్చున్నాయి. వేడి మీద లేవదు. తొక్కిపడితే లేస్తుంది. నల్లపొగ. జబ్బు పేరొక్కటే చెప్పలేదు గానీ మిగిలినదంతా చెప్పాడు. తను పెడచెవిన పెట్టాడు.

పైపును వేళ్ల మధ్య నొక్కి చూశాడు. రబ్బరు పెట్రోల్లో నాని నాని చేమదుంపలా జిగురెక్కింది. ఇది నిన్న మొన్న చిరిగింది కాదు. ఈమధ్యే చిరిగిందన్నది తనకు తాను చెప్పుకోగలిగిన ఒకే ఒక్క అబద్ధం, అదీ చేతిలోనే విడిపోయింది.

యజమానురాలు సాయంత్రం వచ్చింది. కొత్త డ్రైవరు గోళ్లు కొరుక్కుంటూ పక్కన నిలబడ్డాడు.

"ఏమంటావు మేస్త్రీ? ఇతనూ ఆ బాపతేనా? నీ మాట మీదే నడుస్తున్నాను."

"లేదు మేడం. రెగ్యులేటరు పోయింది. మార్చేశాను."

"హమ్మయ్య. అంటే ఇతను మంచివాడే. పాతవాడు పోవడమే మంచిదయింది."

మేస్త్రి సీటు కిందికి దించి తాళాలు కొత్త డ్రైవరుకు ఇచ్చాడు. అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె వెళ్లిపోయింది. ఒక మనిషిని కాపాడానని ఊరట పడదామని చూశాడు గానీ, ఆ ఊరట ఎంతకీ రాలేదు. వీడి కోసం పైపు పీకిన వేళ్లు వాడి కోసం ఎందుకు పీకలేదన్న ప్రశ్నే తిరిగి తిరిగి వచ్చింది.

పాత రెగ్యులేటరు, పైపు ముక్క జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాడు. భార్య కంచం పెడుతూ ముక్కు చిట్లించింది.

"జేబులో ఏంటది?"

తీసి బల్ల మీద పెట్టాడు. అదేమిటో, ఏం చేస్తుందో, ఎప్పటి నుంచి చిరిగి ఉందో చెప్పాడు. ఆమె వింటూ నీళ్ల గ్లాసును పక్కకు జరిపింది, మళ్లీ దగ్గరికి జరిపింది.

"మేడంకు చెప్పారా?"

"రెగ్యులేటరు పోయిందని చెప్పాను."

"ఎప్పుడు పోయిందో చెప్పారా?"

మేస్త్రి కంచం మీదికి వంగి అన్నం కలపసాగాడు.

"నా చెల్లెలు వీధి కుళాయి దగ్గర బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు లెక్క చూసుకుంటున్నారట. అది నాకు చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు" అంది ఆమె. "మీ చెవికి చాలా దూరం వినపడుతుందంటారు కదా, ఇది వినపడిందా?"

మర్నాడు షెడ్డు తెరవకుండా మార్కెట్టుకు వెళ్లాడు. ఉల్లిపాయల లారీ దగ్గర తోడల్లుడు వీపు మీద గోనె పట్టా కప్పుకుని బస్తా దించుతున్నాడు. మెడ వెనక చర్మం కందిపోయి ఉంది. మేస్త్రిని చూసి బస్తా కింద పెట్టాడు.

"ఏం అన్నయ్యా, ఇటొచ్చావు? ఉల్లిపాయల్లో కూడా శబ్దం వినాలా?"

మేస్త్రి డబ్బీ, పైపు ముక్క అతని చేతిలో పెట్టాడు. తోడల్లుడు వాసన చూశాడు. తిప్పి చూశాడు. అతనికి వివరించాల్సిన పని లేకపోయింది.

"వేడి మీద లేవడం లేదని చెప్పాను."

"చెప్పావు."

"తొక్కిపడితే లేస్తోందని కూడా చెప్పాను."

"చెప్పావు."

"మరి?"

"బంధువని వెనకేసుకొచ్చానంటారని..." అన్నాడు మేస్త్రి.

తోడల్లుడు ఆ మాటను బస్తాలా బరువు చూశాడు. "అంటే, నేను నీకు ఏమీ కాకపోయుంటే బాగా చూసేవాడివన్నమాట."

ఆ మాటలో కోపం లేకపోవడమే మేస్త్రికి భరించరానిదైంది. తిట్టినా బాగుండేది. "తప్పయిపోయింది" అన్నాడు.

"సరే. ఇక్కడ ఉల్లిపాయలకు చెప్పావు, వింటాయిలే. ఆ రోజు పదిమందిలో అన్నావు అన్నయ్యా. ఇవాళ నా ఒక్కడి చెవిలో చెబితే ఎలా?" డబ్బీ తిరిగి మేస్త్రి చేతిలో పెట్టి, వంగి బస్తా వీపు మీదికి లాక్కున్నాడు. లారీ మీదినుంచి ఎవరో "ఏయ్ పెట్రోలు, తొందరగా" అని కేకేశారు. అది అతని కొత్త పేరు. అతను దానికి పలికాడు.

ఆ పలకడం మేస్త్రిని అక్కడ నిలబడనివ్వలేదు. అటునుంచి అటే లాండ్రీకి నడిచాడు.

పెరట్లో ఆ రోజులాగే పని నడుస్తోంది. తడి గుడ్డల వాసన, ఆవిరి, మరల చప్పుడు. యజమానురాలు మూటలు చూసుకుంటోంది. సూపర్‌వైజరు అదే గోడకు ఆనుకుని ఉన్నాడు. మేస్త్రి పెరటి మధ్య, ఆ రోజు బండి నిలిపిన చోటే నిలబడ్డాడు.

"మేడం, ఒక మాట చెప్పాలి. మీకే కాదు, అందరికీ."

మడతపెట్టే చేతులు నెమ్మదించాయి.

"రెగ్యులేటరు ఈమధ్య పోయింది కాదు. పాత డ్రైవరు ఉన్నప్పుడే పోయింది. అతను బండి జబ్బు నాకు చెప్పాడు. నేను వినలేదు. చూడాల్సింది చూడకుండా లోపం లేదన్నాను."

సూపర్‌వైజరు గోడ వదిలి నిలబడ్డాడు. "అదెలా తెలుస్తుంది? ఇప్పుడు బంధువని చెబుతున్నావేమో."

ఆ రోజు ఈ మాటకే తడబడ్డాడు. ఈసారి తడబడలేదు. "బంధువే. అందుకే ఆ రోజు అబద్ధం చెప్పాను. నువ్వు నవ్వుతావని చెప్పాను." దారిలో బంకులో పోయించుకొచ్చిన సీసాలోంచి కొంచెం పెట్రోలు డబ్బీలోకి ఎక్కించి, చిరిగిన పాత గుడ్డ ఒకటి అడిగి దాని మీద పట్టుకున్నాడు. గాలి పైపు తగిలించే మొన నుంచి పెట్రోలు చుక్కలుగా కారి గుడ్డ మీద మరకైంది. "ఇక్కడ చుక్క రాకూడదు. వస్తోంది. ఈ పెట్రోలే పొగలో కలిసి మీ దుప్పట్లకు పట్టింది."

మడతపెట్టేవాళ్లలో పెద్దామె ముందుకొచ్చి గుడ్డ అందుకుని వాసన చూసింది. ఆ రోజు నవ్వినవాళ్లలో ఆమె కూడా ఉంది. గుడ్డ పక్కామెకు ఇచ్చింది. అది చేతులు మారుతూ వెళ్లింది.

"ఈ కంపుకేగా ఆయన్ని పంపేసింది" అంది పెద్దామె, ఎవరి వైపూ చూడకుండా.

యజమానురాలి ముఖం బిగుసుకుంది. "లోపం లేదని చెప్పింది నువ్వే కదా?"

"నేనే మేడం. అడగని మాట ఒకటి ఎక్కువ కూడా చెప్పాను. దొంగను చేసింది ఆ మాటే."

"సరే, అయిందేదో అయింది. డ్రైవరు ఇప్పుడు ఉన్నాడు. కావాలంటే అతన్ని మూటలు ఎక్కించే పనికి రమ్మను."

"దొంగ కాదని తేలితే డ్రైవరుగా రావాలి గానీ మూటలు మోయడానికి ఎందుకమ్మా?" అంది పెద్దామె. గొంతు పెంచలేదు. చేతిలో దుప్పటి మాత్రం సగం మడతలో అలాగే పట్టుకుంది. ఆ పక్క రెండు జతలు కూడా మడత ఆపేశాయి. ఆవిరి మర ఒక్కటే బుస్సుమంటోంది.

యజమానురాలు "పని చూసుకోండి" అని లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, మేస్త్రి వైపు తిరక్కుండానే, "ఇకమీదట మా బండి నీ దగ్గరికి రాదు" అంది.

ఆ మాటకు మేస్త్రికి బాధ వెయ్యలేదు. హాయిగా కూడా అనిపించలేదు. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికపడుతుందని చెప్పేవాళ్లు, ఆ తప్పు వల్ల ఇంకొకరి మెడ మీద కందిన మచ్చను చూసి ఉండరు. లాండ్రీవాళ్లు తోడల్లుణ్ని డ్రైవరుగా వెనక్కి పిలవలేదు, మూటలకు అతను వెళ్లలేదు. పెరట్లో అన్న మాట మాత్రం పెరట్లో ఆగలేదు. ఆడవాళ్లు కుళాయిల దగ్గరికి, ఆటోల్లోకి, ఇళ్లకు మోసుకెళ్లారు. నింద పాకినంత వేగంగా పాకలేదు గానీ పాకింది. లారీ మీదివాళ్లు "పెట్రోలు" అని పిలవడం తగ్గించారు. చివరికి ఒక కూరగాయల వ్యాపారి తన పాత వ్యాను తాళాలు అతని చేతిలో పెట్టాడు.

ఆ వ్యాను ఒక ఉదయం షెడ్డు ముందు ఆగింది. తోడల్లుడు దిగాడు. మేస్త్రి గబగబా లేచి, అలవాటు కొద్దీ ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

"ఆగు" అన్నాడు తోడల్లుడు. "ముందు నేను చెప్పేది విను. చెవి తర్వాత పెట్టొచ్చు."

మేస్త్రి మూత మీది చెయ్యి తీసేశాడు. మూలనున్న స్టూలు తెచ్చి అతనికి వేసి, తాను ఎదురుగా టైరు మీద కూర్చున్నాడు. తోడల్లుడు బండి ఎక్కడ ఆగుతోందో, ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా గుంజుతోందో, ట్యాంకు సగానికి తగ్గితే ఏం చేస్తోందో ఒక్కొక్కటే చెప్పాడు. మేస్త్రి పక్కన వేరే బండి ఇంజను తిరుగుతూ అడ్డుపడుతుంటే లేచి వెళ్లి దాన్ని ఆపి వచ్చి కూర్చున్నాడు.

అంతా చెప్పాక తోడల్లుడు లేచాడు. "ఇక చూడు మేస్త్రీ" అన్నాడు.

అన్నయ్యా అనలేదు. మేస్త్రి అది విన్నాడు. పానా అందుకుని బండి మీదికి వంగాడు.